సఫారీ సార్, నేను, ఉల్టా మౌస్

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. కానీ పాప పుట్టిన దగ్గర్నుంచి, పెళ్ళికి ముందు సంగతులన్నీ వేరే ఎవరో అమ్మాయికి జరిగినట్టే అనిపిస్తున్నాయి. ఆ అమ్మాయి డిగ్రీ పాసై, కంప్యూటర్ కోర్సు కూడా చేసి, హనుమకొండ చౌరస్తా దగ్గర మేడ మీద ఒక చిన్న ఆఫీసులో చేరింది. వ్యాపారులకు కంప్యూటర్ మీద బిల్లులు కొట్టివ్వడం అక్కడి పని. యజమాని ఎండాకాలంలో కూడా సఫారీ సూటు వదలడు కాబట్టి మనసులో ఆయనకు నేను పెట్టుకున్న పేరు సఫారీ సార్. "మూడు నెలలు చూస్త. పని నచ్చితే నౌకరి ఖాయం, లేకుంటె లేదు. మిషన్ మాత్రం పైలం బిడ్డా, బొంబాయి నుంచి తెప్పించిన" అన్నాడు మొదటిరోజే. ఆ మిషన్ ల్యాప్‌టాప్. (ఒళ్ళో పెట్టుకునేదని పేరు. నిజంగా పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కేవి.) సాయంత్రం కాగానే సార్ దాన్ని రెగ్జిన్ సంచీలో పెట్టి, చంటిపిల్లను తీసుకుపోయినంత జాగ్రత్తగా స్కూటర్ మీద ఇంటికి తీసుకుపోయేవాడు.

నాది ఎడమచేతి వాటం. కుడిచేత్తో తినడం, కుడిచేత్తో ఇవ్వడం అమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఉద్యోగంలో చేరిన రోజు మళ్ళీ గుర్తు చేసింది: "గిరాకుల ముంగట ఎడమచెయ్యి పెట్టకు తల్లీ. పొద్దుపొద్దుగాల గిదేం బోణీ అనుకుంటరు. నౌకరి ఖాయమైనంక నీ ఇష్టం." కానీ కుడిచేత్తో మౌస్ పడితే నా బాణం గుర్తు తెరంతా తిరిగొచ్చేది గానీ, కావలసిన చోట ఆగేది కాదు. అందుకని సార్ ముందుగదిలో ఉన్నప్పుడు దొంగతనంగా మౌస్‌ను ఎడమవైపు పెట్టుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి దాని బొత్తాలను కూడా అటుదిటు మార్చుకునేదాన్ని. సార్ చెప్పుల చప్పుడు వినపడగానే మౌస్ కుడివైపుకు గెంతేది. ఇంత పకడ్బందీగా చేసుకున్న ఏర్పాటు మర్నాడు చూస్తే ఉండేది కాదు! మళ్ళీ మార్చేదాన్ని. మర్నాడు మళ్ళీ మొదటికే. మాన్యువల్ చదివాను. మిషన్ ఆపి మళ్ళీ వేశాను. మౌస్ కింది గుండు తీసి దూదితో తుడిచాను. (ఊదాను కూడా. ఏ మిషన్ చెడినా ముందు ఊదడం మా ఇంటి పద్ధతి.) మిషన్‌కు మతిమరుపు వచ్చిందనీ, అది నా చేతిలోనే చెడిపోయిందంటారనీ భయం పట్టుకుంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఇంట్లో దీన్ని ఎవరన్నా ముట్టుకుంటున్నరా సార్?" అని అడిగాను. "ఎవలు ముట్టుకుంటరు? అల్మారీల పెట్టి తాళమేస్త. నాకేమన్న కొత్తా ఇది, హైదరాబాద్‌ల ట్రైనింగ్ తీసుకున్న" అని, తలుపు వైపు ఒకసారి చూసి, "ఏం, ఏమన్న తేడా కొడుతాందా?" అని గొంతు తగ్గించాడు. "లేద్సార్" అన్నాను. ఇద్దరమూ చెమట తుడుచుకున్నాం.

మూడు నెలలూ నిండవచ్చేసరికి ఎనుమాముల మార్కెట్ నుంచి ఒక మిర్చి సేటు మా పని చూడటానికి వచ్చాడు. "ఈయన ఒప్పుకుంటె సీజనంత మనదే. నీ నౌకరి గూడ ఖాయమే" అని సార్ నా చెవిలో చెప్పాడు. చెప్పినవాడు ఊరుకోకుండా, సేటు ముందు దర్జాగా తనే కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. సఫారీ వీపు తడిసిపోయింది. "ఇగో, మల్ల ఉల్టా అయింది! రాత్రే గదా సరిజేసిన!" అని అరిచి, నాలుక కరుచుకున్నాడు.

"రాత్రా? మీరా సార్?" అన్నాను.

"అంటే పొద్దుగాల ఉల్టా చేసేది నువ్వా?"

"నాది ఎడమచెయ్యి సార్. చెప్తె నౌకరి పోతదనుకున్న. మరి మీ ట్రైనింగ్?"

"ఒక్క దినం పోయిన. ఏసీల నిద్రొచ్చింది" అన్నాడు సార్ నేలచూపులు చూస్తూ. "రోజు ఇంట్ల కూసోని నేర్చుకుంటాన. బొత్తాలు ఎందుకు ఉల్టా అయితానయో తెలువక పరేషాన్ అయిన. నిన్ను అడుగుదామంటె ఇజ్జత్ అడ్డమొచ్చింది."

సేటు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితె మిషన్ మంచిగనే ఉన్నది. ఖరాబున్నది మీరిద్దరే!" అని, నవ్వీ నవ్వీ తుమ్మి, నావైపు తిరిగాడు. "ఏ చేత్తోనన్న కొట్టు బిడ్డా, నాకు బిల్లు జల్ది రావాలె."

మొదటిసారి అందరూ చూస్తుండగా మౌస్‌ను ఎడమవైపు పెట్టుకున్నాను. బిల్లు చకచకా వచ్చింది. సేటు ఒప్పుకున్నాడు, ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం సార్ నా పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. నన్ను చూసి నేర్చుకోవడంతో ఆయనకూ మౌస్ ఎడమచేత్తో పట్టడమే అలవాటైంది. (ఇంట్లో అది చూసి వాళ్ళావిడ నన్ను ఏమనుకుందో ఇప్పటికీ తెలియదు.)

పాప ఈమధ్యే కూర్చుంటోంది. తుమ్మితే చాలు దవాఖానకు పరుగెత్తే తల్లిని నేను. మొన్న గిలక్కాయ ఇస్తే ఎడమచేత్తో అందుకుంది. "గీ చేత్తో పట్టుకో నా బంగారు" అని మా అత్తమ్మ దాన్ని కుడిచేతిలో పెట్టింది. పాప ఎడమచేతిలోకి మార్చుకుంది. అత్తమ్మ మళ్ళీ మార్చింది, పాప మళ్ళీ మార్చుకుంది. "ఇదేందే, పెట్టింది పెట్టినట్టు ఉంటలేదు!" అంది అత్తమ్మ విసుగ్గా. అడుగుల చప్పుడుకే బెదిరిపోయిన ఆ ఆఫీసు అమ్మాయి గుర్తొచ్చి జాలి వేసింది, నవ్వూ వచ్చింది. పాప మాత్రం ఇల్లంతా వినపడేలా గిలక్కాయ ఆడిస్తూనే ఉంది.