ఒకటో నెంబరు కావడి

నోట్లో పెన్ను మూత పెట్టుకొని జవాబు చెప్తే ఏమవుతుంది అంటారా? ఒక పెద్దమనిషి ముప్పై ఏండ్ల పరువు కొండెక్కి కూర్చుంటుంది. ఎక్కించింది నేనే కాబట్టి చెప్తావుండాను.

డెబ్బైల చివరి మాట. మా ఊరు పాండూరులో నా ఈడోళ్లు సినిమా టికెట్లకు ఎగబడతావుంటే, నేను పాత ఫుట్‌బాల్ చొక్కాలకు ఎగబడేవాణ్ణి. మెడకాడ తాడు కట్టేవి, వీపున గుడ్డ నెంబరు కుట్టినవి, ఏది దొరికినా తెచ్చి దాని చరిత్ర నోటుబుక్కులో రాసేవాణ్ణి. మా అమ్మకు మాత్రం అవన్నీ మసిగుడ్డలే.

తిరువళ్లూరులో మా ఏకాంబరం మామ వయసులో ఉన్నప్పుడు గోల్‌కీపరు. ఆయన పసుప్పచ్చ చొక్కాకు వీపున ఒకటో నెంబరు, రొమ్ముమీద అరచేతంత మరక.

"యాడో దూరాన ఫైనల్ ఆడినాము రా. పెనాల్టీని రొమ్ముతో ఆపినాను. ఆ బంతి బురదే ఇది!" అని ఊరంతా చెప్పుకొనేవాడు. నెల పొడుగునా వెంటబడితే చివరికి నా చేతిలో పెట్టినాడు.

"వారమే. చరిత్ర రాసుకొని తెచ్చియ్యి. నీళ్లు తగిలినాయంటే, నా ప్రాణం పోయినట్టే."

"కంటికి రెప్పలా చూసుకుంటా మామా!"

ఆ రెప్ప యాడ వాలిందో వినండి. ఆడికృత్తిక పండగకు తిరుత్తణిలో మా మేనత్తోళ్లింటికి పోతా, బావ ముందర గొప్పలు పోదామని చొక్కాను సంచిలో వేసుకున్నాను. పొద్దున్నే దాన్ని దండెం మీద గాలికేసి, తిన్నెమీద కూర్చొని మరక గురించే రెండు పేజీలు రాసినాను. గోల్‌కీపరు అని రాస్తే మన తెలుగుకు నామోషీ కాదా? అందుకని 'గోలు కావలి' అని పేరు పెట్టినాను. నా మాట నాకే తెగ ముద్దొచ్చింది.

ఆ పొద్దే బావకు పసుప్పచ్చ బట్టలేసుకొని సామి కొండకు కావడి మోసే మొక్కు. లోపలినుంచి అత్త కేకేసింది.

"రేయ్, దండెం మీది పసుప్పచ్చ చొక్కా ఎవరిదిరా?"

"కావలివాడిది అత్తా!" అన్నాను, మూత నోట్లోనే పెట్టుకొని.

"కావడివాడిదా? మా నాయనే! బావకోసరం తెచ్చినావా!"

"ఊఁ" అన్నాను. చరిత్ర రాసేవాడికి తలెత్తే తీరిక యాడుంటుంది?

తలెత్తేసరికి వీధంతా "అరోగరా!" అని భక్తుల కేకలు. బావ భుజాన కావడి, వీపున ఒకటో నెంబరు. అత్త బిందెడు పసుపునీళ్లు వాడి నెత్తిన గుమ్మరిస్తావుంది.

"అయ్యయ్యో అత్తా! దానికి నీళ్లు తగలగూడదు!"

"తగలకుంటే మొక్కెట్ల తీరుతుందిరా?" అని రెండో బిందె ఎత్తింది.

"ఒకటో నెంబరు కావడికి అరోగరా!" అంటా జనం కొండెక్కినారు. నేనూ ఏడుస్తా ఎక్కినాను. భక్తి ముదిరిందనుకొని ఒకావిడ నా నుదుట విభూతి కూడా పూసింది.

మరక పోయింది. మర్నాడు మామ ముందర నిలబడినాను.

"నీళ్లు తగిలినాయి మామా. కొట్టు."

ఆయన చొక్కా విప్పి, రొమ్ముకాడ తడిమి, తల దించుకున్నాడు. భుజాలు కదిలినాయి. ఏడుస్తాడనుకున్నాను. చూస్తే నవ్వతావుండాడు!

"రేయ్, అది బురద కాదురా. ఆటకు ముందర తిన్న సాంబారు! పెనాల్టీ నా కాళ్ల సందున పోయింది. ఒకసారి అబద్ధం చెప్పేసి, ఉతికితే మరకేదని జనం అడుగుతారని ముప్పై ఏండ్లు దాచినా. సామే కడిగించినాడు, నా గుండె తేలికయింది. ఇంక ఇది నీదే, తీసుకో."

తన్నులు తినాల్సిన దినాన చొక్కా తెచ్చుకున్నాను. దాన్ని చూసినప్పుడంతా మామకూ, రెండు బిందెలు పోసిన అత్తకూ మనసారా దండం పెట్టుకుంటాను.

తిరుత్తణి సామి సాక్షిగా ఒట్టు: నోట్లో మూత పెట్టుకొని ఎవరికీ జవాబు చెప్పను. వాసన చూడకుండా ఏ మరకకూ చరిత్ర రాయను.