ఎర్ర చిలకల డీజిల్ లేబులు

1956లో నంద్యాలలోని ఒక అచ్చాఫీసులో లేబుళ్ల డ్రాయింగు మాస్టరుగా చేరిన కొత్తలోనే, ఊళ్లో ఇంకెవరికీ చేతకానంత ఘనమైన తెలివితక్కువ బేరం ఒకటి చేశాను. బీడీ లేబుళ్లకు వాడగా మిగిలిన ఎర్ర సిరాను సగం ధరకు కొట్టేశాను. మాది కిరాణా అంగడి. అగ్గువకు వచ్చినదాన్ని వదిలేస్తే మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు.

అప్పుడే ఆళ్లగడ్డ లారీల యజమాని ఓబుల్‌రెడ్డి ఆర్డరు వచ్చింది. ఆయన పాత లారీలు పెట్రోలువి, కొత్తవి డీజిలువి. ఏ టాంకీలో ఏది పోయాలో తెలియాలి, చూడ్డానికి ముచ్చటగానూ ఉండాలి అన్నాడు. ముందు డీజిల్‌వి వేశాను. గుండ్రటి ఎర్ర బిళ్ల, చెరో పక్క ఒక చిలక, నడుమ తెల్లగా 'డీజిల్'. తెల్ల అక్షరాలకు మేం తెల్లరంగు వాడం. అచ్చుదిమ్మలో ఆ మేరకు చెక్కేసి కాగితాన్నే వదిలేస్తాం. రంగు ఒక్కటే, ఖర్చు తక్కువ. టాంకీలకు అతికించి, పైన వార్నిష్ పూయించాను.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పత్తి బేళ్లతో బయల్దేరిన కొత్త లారీ ఆళ్లగడ్డ పొలిమేరలోనే దడదడలాడి ఆగిపోయింది. డీజిల్ టాంకీలో పెట్రోలు పడింది. పోసినవాడు అక్కడి ఆయిల్ డిపోలో పనిచేసే మాబు. రిపేరు ఖర్చు పెట్టుకోవాలి, లేదా పని మానుకోవాలి అని డిపో యజమాని అతనికి తేల్చి చెప్పేశాడు.

"ఎర్ర బిళ్ల కనపడె, ఎర్ర డబ్బా ఎత్తి పోస్తి. నాకు సదువు యాడిదన్నా?" అన్నాడు మాబు. ఆ డిపోలో పెట్రోలుకు ఎర్ర డబ్బాలు, డీజిలుకు పచ్చవి. నేను సిరా ధర చూశానే గాని, పోసే చోటు చూడలేదు.

తప్పు లేబులుదని ఓబుల్‌రెడ్డికి చెప్పాను.

"ఎర్ర చిలకలు యాడన్నా ఉంటాయేందప్పా? వాటి మేతకు నా ఇంజనే దొరికెనా?" అన్నాడాయన.

టాంకీ కడిగి, పైపుల్లో గాలి తీసే మెకానిక్కు కూలి నాది. కొత్త లేబుళ్లు ఉత్తినే ఇస్తాను. మాబు పని మాత్రం పోరాదు. ఇదీ నా బేరం.

"అంగడోళ్ల బిడ్డవు, నష్టానికి బేరమాడ్తాండావే!" అని నవ్వి, డిపో యజమానితో ఆయనే మాట్లాడాడు. మాబు పని పోకుండా నిలిచింది.

అదే దిమ్మతో పచ్చ సిరాలో ఒక నమూనా తీసి, ఈసారి మొదట మాబు చేతికిచ్చాను. "డీజిలు," అన్నాడు చూస్తూనే. "చిలకలు గూడా ఇప్పుడు చిలకల మాదిరుండాయన్నా." నాకు టీ తాగించాడు.

ఆ తర్వాత సర్వీసు మొత్తం, లేబులును దుడ్లిచ్చేవాడికంటే ముందు దాన్ని చూసి పనిచేసేవాడికే చూపించాను.

ఇక లెక్క. మెకానిక్కు, కాగితం, పచ్చ సిరా కలిపి నలభై ఒక్క రూపాయలు. ఎర్ర సిరాలో మిగిల్చింది ఆరు. మాబు తాగించిన టీ కింద జమ ఒక అణా. నికర నష్టం ముప్పై నాలుగు రూపాయల పదిహేను అణాలు.