నేను గంట కొడితే ఊరు రోకళ్లెత్తింది

ఊరు ఊరంతా రోకళ్లు పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన కథ చెబుతాను, వినండి. తప్పంతా నాదే. అయినా ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నాకు సిగ్గు కంటే గర్వమే ఎక్కువ.

రజాకార్ల కాలమది. రఘునాథపల్లి నుంచి దేవరుప్పుల దగ్గరి ఒక పల్లెకు కొత్త కోడలిగా వచ్చాను. మా క్రైస్తవుల ఇళ్లలో ఒక అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తాం. అది దేవుడి వాటా. క్రిస్మస్ వెళ్లాక ఆ బియ్యమంతా మా ప్రార్థన గుడిలో కలిపి, లేనివాళ్లకు వండి పెడతాం. ఆ ఏడు లేనివాళ్ల కోసం వెతకాల్సిన పనే లేదు. వాగు అవతలి గూడెం రజాకార్ల దాడిలో కాలిపోయింది. అక్కడివాళ్లు పిల్లాజెల్లాతో జొన్నచొప్ప కప్పుకుని చలికి వణుకుతున్నారు.

వంటయింది. ఒక్కరూ రాలేదు. పిలవడానికి వెళ్లిన మా అత్త మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"మల్లవ్వ రానన్నది. కూలి చేసి తింటం గని ఊకెనే పెడితే తినం అన్నది. ఆ ముసలామె కదలకుంటె గూడెంల ఎవ్వలు కదలరు."

"పిల్లలు గూడ తినరా అత్తమ్మా?"

"నిన్నటి సంది పస్తులేనట బిడ్డా."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. గుడి గంట కొట్టే పని పాస్టరయ్య ఆ వారమే నాకు అప్పగించారు. "ఆగి ఆగి కొట్టాలె బిడ్డా, మరువకు" అని చెబితే బుద్ధిగా తల ఊపాను. ఆ వయసులో నా తల ఊపడానికే తప్ప వినడానికి పనికొచ్చేది కాదు.

"ఎట్ల రారో నేను జూస్త!" అంటూ తాడు పట్టుకుని ఆపకుండా వాయించాను. చేతులు నొప్పి పుట్టినా వదల్లేదు.

ఆపకుండా గంట మోగితే రజాకార్లు వచ్చినట్టు. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిసి చేసుకున్న కట్టుబాటది. పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఈ మహాతల్లికే.

ముందుగా ఊళ్లో ఆడవాళ్లు కారప్పొడితో వచ్చిపడ్డారు. ఎండకు టోపీ పెట్టుకుని బయటికొచ్చిన పాస్టరయ్య మొహాన ఒకావిడ దోసెడు కారం కొట్టింది.

"అయ్యో, నేను పాస్టర్‌ను!"

"టోపీ జూసి రజాకారనుకొని కొట్టిన అయ్యా, మాఫ్ చెయ్యుండ్రి!"

అంతలో వాగు దాటుకుంటూ గూడెం గూడెమంతా వచ్చింది. వడిసెలలు తిప్పుతున్నారు, రాళ్లు పట్టుకున్నారు. అందరికంటే ముందు మల్లవ్వ, భుజాన రోకలి.

"యాడున్నర్రా? పిల్లా, రజాకార్లేరి?"

"రాలే అవ్వా." తాడు ఇంకా నా చేతిలోనే ఉంది. "అన్నం సల్లారుతుందని కొట్టిన."

రోకలి పైకి లేచింది. నేను కళ్లు మూసుకుని, తెలిసిన ప్రార్థనలన్నీ కలిపి చదివేశాను. అప్పుడు మా అత్త ముందుకొచ్చింది.

"మల్లవ్వా, మాకు ఆపదనంగనే ఉరికొస్తివి గదా. మా కావలికొచ్చినోళ్లకు బువ్వ పెట్టకుంట పంపుమంటవా? గప్పుడు మాకు సిగ్గుగాదా?"

మల్లవ్వ మెల్లగా రోకలి దించి గోడకు ఆనించింది.

"పోరగాండ్లను గూడ పిలువుండ్రి" అంది.

విస్తళ్లు పరిచాం. గూడెమంతా కూర్చుని కడుపునిండా తిన్నది. పెట్టిన అన్నం వద్దన్నవాళ్లు, నిన్నటి నుంచి పస్తులున్నవాళ్లు, మా కోసం వాగు దాటి పరుగెత్తారు. ఆ ఇరుగుపొరుగు నాదని చెప్పుకోవడానికి ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది.

ఆ సాయంత్రం పాస్టరయ్య ఎర్రబడిన కళ్లతో చూస్తుండగా, దేవుడి ఎదుట గంభీరంగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో గంట తాడు ముట్టను. ఆ మాట నేటికీ తప్పలేదు. తప్పే వీలెక్కడిది? తిన్నదానికి కూలి చేస్తానని పట్టుబట్టి, మర్నాటి నుంచి తాడు పక్కనే మల్లవ్వ రోకలితో సహా కాపలా కూర్చుంది.