ముగ్గైపోయిన మూడు సీసాలు

చెన్నై నుంచి ఓడలో శ్రీలంక వెళ్లిన మూడుసార్లూ మా ఆయన గుర్తుగా అక్కడి తెల్లటి ఇసుక సీసాలో నింపి తెచ్చారు. ఆయన పోయాక నాకు మిగిలినవి ఆ మూడు సీసాలే. ఈ రోజు పొద్దున చూస్తే మూడూ ఖాళీ. వాకిట్లో ఇంత పెద్ద ముగ్గు!

"కోలమావు అనుకొని వేసేసినాను అత్తా," అంది కోడలు.

"సీసా మీద రాసుండాదే, చూడలేదా?"

"తెలుగులో రాసింటే నాకెట్ల తెలుస్తుంది?"

నిజమే. తమిళనాడు ధర్మపురిలో పుట్టి తమిళ బడిలో చదివిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. కళ్లాపి చల్లిన నేలను గంటసేపు గోళ్లతో గీకాను. చేతికొచ్చిందంతా మట్టే.

ఖాళీ సీసాల మీద ఆయన చేతిరాత మాత్రం అలాగే ఉంది: "ఇది ముగ్గుపిండి కాదు."

మీ ఇంట్లో ఈ ముక్క చదవగలిగేవాళ్లు ఎందరున్నారో చెప్పండి. కాస్త ధైర్యం తెచ్చుకుంటాను.