ఓచే చావుకు సంజాయిషీ

కోడుమూరు దూదేకుల హజరత్ వలికి కోపం ముక్కు మీదే ఉండేది. తను కుట్టిన పరుపులో ఒక్క పత్తిగింజ తగిలిందన్నవాడి ఏడు తరాలనూ తిట్టిపోసేవాడు. పటాలంలో చేరి, బర్మా యుద్ధంలో గాయపడ్డవాళ్లను రెండేళ్లు డోలీలో మోసి వచ్చాక ఆ కోపం తగ్గలేదు సరికదా, ఒక్క మనిషి చుట్టూ గడ్డకట్టుకుంది.

ఆ మనిషి ఓచే. తెల్లవాళ్లు ఆఫ్రికా నుంచి ఆ యుద్ధానికి తెచ్చిన ఇడోమా జాతివాడు, తల మీద తూటాల పెట్టెలు మోసే సిపాయి. కాలికి పుండు పడి నెలరోజులు వలి వాళ్ల ఆసుపత్రి గుడారంలో పడుకున్నాడు. వచ్చీరాని హిందుస్తానీతో కొంత, చేతులతో కొంత, తన ఊరినంతా వలికి చెప్పాడు. ఎరుపూ నలుపూ చారల బట్ట తమ జాతి గుర్తు అన్నాడు. చనిపోయిన పెద్దలు ఇంటిని కనిపెట్టుకునే ఉంటారట, పండగనాడు నిలువెల్లా బట్ట కప్పుకుని వచ్చి తప్పుచేసినవాణ్ణి నిలదీస్తారట. "మా ఊర్లో పీర్లు లేచినట్లే ఉండాదే!" అని వలి తెగ మురిసిపోయాడు.

ఓచే ఇంకొకటి కూడా చెప్పాడు. ఇడోమాలు శవాన్ని ఊరికే పూడ్చరు. ముందు ఊరంతా కూర్చోవాలి. తల్లి తరపువాళ్లు లేచి, మా బిడ్డ ఎట్లా చచ్చాడని అడగాలి. దానికి జవాబు రావాలి. అప్పుడే మట్టి.

పుండు మానకముందే ఒక తెల్ల అధికారి వచ్చి, ఇదంతా దొంగనాటకం అన్నాడు. కాలు ఈడుస్తున్నవాడి నెత్తిన పెట్టె పెట్టించి కొండ ఎక్కించాడు. మూడోనాడు వలి డోలీలో ఓచే శవం దిగింది. పావుగంటలో పూడ్చేసి, కాగితం మీద జ్వరమని రాసి పారేశారు. ఎవడూ ఏమీ అడగలేదు. వలి కూడా అడగలేదు. అసలు మంట అదే.

1946లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు తలా ఐదెకరాల పట్టా ఇస్తామని నందికొట్కూరులో సభ పెట్టారు. భార్య దస్తగిరమ్మ దారిపొడుగునా బతిమాలింది. "నీ కాళ్లు పట్టుకుంటా, ఈ పొద్దు ఒక్కపూట నోరు మూసుకోనుండు. సొంత చేను మన వంశంలో యాడా లేదు."

వలి మూసుకునే కూర్చున్నాడు. సభకు వచ్చిన దొర తమ పాలన గొప్పలు ఇంగ్లీషులో దంచుతుంటే తాసిల్దారు తెలుగులో అందుకుంటున్నాడు. "ఆఫ్రికా అడవి మనుషులకు పెద్దలు లేరు, పద్ధతి లేదు. చచ్చినవాణ్ణి పూడ్చడం కూడా మన దొరలే నేర్పారు."

వలి దిగ్గున లేచాడు. "ఎవురికప్పా పద్ధతి లేంది? వాళ్లు అడగంది మట్టి ఎయ్యరు! మీరు అడగనిచ్చినారా? కాలు కుళ్లినోని నెత్తిన పెట్టె పెట్టి కొండ ఎక్కిచ్చినారే, ఓచే, వాడు ఎట్ల చచ్చిపాయనో చెప్పు దొరా! ఆ పొద్దు భయపడి అడగల్యా. ఇప్పుడు అడుగుతాండా!"

తాసిల్దారు మొహం మాడిపోయింది. "అడగడానికి నువ్వెవడివిరా? వాడికేమవుతావు?"

వలికి ఓచే చెప్పిన పద్ధతి గుర్తొచ్చింది. నిజమే, అడగవలసింది తల్లి తరపువాళ్లు.

ఆడవాళ్లలోంచి దస్తగిరమ్మ లేచింది. ఓచే కథ వినీ వినీ విసిగిపోయిన మనిషి. బల్ల మీది పట్టాల కట్టను ఒక్కసారి చూసి, కొంగు నడుముకు దోపుకుంది.

"నేనప్పా, వాని తల్లి తరపు. చెప్పు, మా పిల్లోడు ఎట్ల చచ్చిపాయ?"

తాసిల్దారు కట్టలోంచి వలి పట్టా లాగి, ఆమె కళ్లముందే నిలువునా చించేశాడు. దస్తగిరమ్మ ఆ ముక్కలను చూసింది. చూసి, మళ్లీ అదే అడిగింది.