నత్తి జుండెల్ చెప్పిన స్తుతి

యెరూషలేములో రాతి ఇళ్ల వాడలో పరుపులూ బొంతలూ కుట్టి బతికే జుండెల్‌కి నత్తి. అక్కడక్కడ తడబడే నత్తి కాదు. మాట గొంతులో మేకు దిగినట్టు ఆగిపోయేది. మెడ నరాలు పొంగేవి. ఎదుటివాళ్లు పాపం నేలచూపులు చూసేవాళ్లు. పాడితే తగ్గుతుందని ఎవరో చెబితే, చిన్నప్పుడు బడిలో అయ్యవారు బల్లెక్కించి పాఠం పాడించాడు. పాట సాఫీగానే వచ్చింది. పిల్లలు మళ్లీ పాడు, మళ్లీ పాడు అని గోల చేశారు. ఆ రోజు తర్వాత జుండెల్ పాట జోలికి పోలేదు.

పెళ్లిచూపుల్లో ఒక్క వాక్యం పూర్తి చేశాడు. ఆ వాక్యం అయ్యేలోపు తను బాగా ఆలోచించుకోగలిగాననీ, ఈ మనిషి చాలుననీ పెళ్లికూతురు ఫ్రాదెల్ వాళ్లమ్మతో చెప్పింది.

నోరు రాకపోయినా చదువంటే ప్రాణం. పని ముగియగానే వాడ చివర చదువుల మందిరానికి పోయి, వెనక బల్ల దగ్గర పెదవి కదపకుండా కళ్లతో చదువుకునేవాడు. కానీ వాళ్ల ధర్మగ్రంథం తోరాలో ఒక్క మాట నోట పలకాలన్నా పొద్దున్నే ముందు స్తుతి చెప్పాలి. తోరాను పట్టుకుని ఉండమని ఆజ్ఞాపించినవాడికి స్తుతి, ఆ మాటలు మా నోట తీపి చెయ్యమని వేడుకోలు, తోరా ఇచ్చినవాడికి మళ్లీ స్తుతి. జుండెల్‌కి అడ్డం పడేది దేవుని నామమే. మొదటి అక్షరం నాలుకకి అతుక్కుంటే వదిలేది కాదు. ఆ నామాన్ని ముక్కలు చేసి వృథాగా పలుకుతున్నానేమోనని వణికేవాడు. అందుకని తెల్లారకముందే దుకాణానికి పోయి, తలుపులు మూసుకుని, బొంతల కుప్పకి దగ్గరగా నిలబడి, ఎవరికీ వినబడకుండా చెప్పుకునేవాడు. దుకాణం తెరవని పండుగ రోజుల్లో పెరట్లో నీళ్ల తొట్టె వెనక్కి పోయేవాడు.

తోరా దిగివచ్చిన పండుగ షవువోత్ నాడు మందిరంలో మగవాళ్లంతా రాత్రంతా మేలుకుని చదువుతారు. పొద్దున అందులో ఒక చిక్కు ఉంది. పడుకుని లేచినవాడే ఆ తోరా స్తుతిని నిస్సందేహంగా చెప్పాలి. మేలుకున్నవాడికి నిన్నటిది ఇంకా చెల్లుతుందో లేదో అనుమానం. అందుకే నిద్రపోయి లేచినవాడొకడు అందరి తరఫునా చెబితే, మిగతావాళ్లు విని ఆమెన్ అంటారు. ఏటా ముసలి హెనిఖ్ ఇంట్లో హాయిగా పడుకుని వచ్చి ఆ పని చేసేవాడు. ఆ ఏడు ఆయన కూతురి దగ్గరికి హైఫా వెళ్లాడు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

జుండెల్ ఏటా మేలుకునేవాడే. ఆ ఏడు ఫ్రాదెల్ బాలింత. కడుపునొప్పితో ఏడ్చే పసిగుడ్డుని ముందు రాత్రంతా అతనే భుజాన వేసుకుని తిప్పాడు. పండుగ భోజనం కాగానే చొక్కా మార్చుకుందామని మంచం మీద కూర్చున్నాడు, అంతే. కళ్లు తెరిచేసరికి కిటికీ బూడిద రంగుకి తిరిగింది. సూర్యోదయంతో సరిగ్గా ప్రార్థన అందుకోవడం ఆ మందిరం పట్టింపు. తొట్టె వెనక్కి పోయే వ్యవధి లేక, చేతులు కడుక్కుని పరిగెత్తాడు.

లోపల అడుగు పెట్టేసరికి అందరూ గౌరవంగా రెబ్ అని పిలిచే మందిరం పెద్ద ఓజెర్ బల్ల తట్టి అడుగుతున్నాడు, రాత్రి పడుకున్నవాళ్లెవరైనా ఉన్నారా అని. పోనీ నిన్న పగలైనా కునుకు తీశారా? పండుగ ముందు బేరాల్లో ఎవరికి కుదిరింది? అందరూ ఒకరి ఎర్రకళ్లు ఒకరు చూసుకున్నారు. జుండెల్ చెయ్యెత్తకుండా తలుపు పక్కన గోడకి అతుక్కుపోయాడు.

"సరే, ఎవరూ లేరు కదా," అన్నాడు ఓజెర్. "ఇంకాసేపట్లో ప్రార్థనలో దేవుని ప్రేమ మీద స్తుతి వస్తుంది. దీనికి కూడా అదేనని మనసులో అనుకోండి. గడుస్తుంది."

గండం గడిచింది. అందరూ పుస్తకాలు తిప్పుతున్నారు. జుండెల్ ఊపిరి పీల్చుకున్నాడు, కానీ ఆ ఊపిరి లోపలికి దిగలేదు. పడుకున్నవాణ్ణి నేనున్నాను. ఉన్నవాణ్ణి లేననిపించి, వీళ్లందరినీ ఏదోలా గడిచిపోయే దారిలోకి నెట్టాను. ఇప్పుడు చాటుకి పోయి నా స్తుతి నేను చెప్పుకుంటే, మా నోట తీపి చెయ్యి అని ఏ నోటితో అడగను?

చెయ్యి పైకెత్తాడు. "నే-నే-నేను ప-పడుకున్నాను."

చేపల వ్యాపారి లీబుష్ గోడ గడియారం వైపు చూశాడు. జుండెల్ మాట మొదలెడితే పూర్తి చేసిపెట్టడం లీబుష్‌కి అలవాటు. అది సాయమనే అతని నమ్మకం.

"రెబ్ ఓజెర్, వద్దు," అన్నాడు. "మనవాడు మంచివాడే, కాదనను. కానీ ఇతను ముగించేసరికి సూర్యుడు నడినెత్తికొస్తాడు. ఇందాక అనుకున్నట్టే కానిద్దాం."

ఓజెర్ అతని వైపు చూడలేదు. "చెబుతావా, జుండెల్?"

జుండెల్ తలూపాడు. నడవ దాటి ముందుకి వచ్చాడు. మొదటి మాట బయటపడింది, రెండోదీ వచ్చింది. నామం దగ్గర గొంతు మూసుకుపోయింది. దవడ బిగిసింది. గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనకెవరో దగ్గుతో నవ్వు మింగారు. కిటికీ అంచు పసుపు రంగుకి తిరుగుతోంది. లీబుష్ ఆగలేక ఆ మాట అందించడానికి నోరు తెరిచాడు. ఓజెర్ అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టాడు.

"ఎవరూ అందించొద్దు. ఇది అతను చెప్పాలి, మనం వినాలి."

జుండెల్ కళ్లు మూసుకున్నాడు. పాడితే వచ్చేస్తుందని తెలుసు. పాడలేదు. బలవంతాన తోయడం మానేసి, నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో. చివరికి నామం మొత్తంగా, ముక్కలు కాకుండా, గొణుగుడులా బయటికొచ్చింది. ఆ తర్వాత మరో రెండుసార్లు ఆగిపోయాడు. నోట తీపి చెయ్యమనే చోట అతని మొహం చెమటతో తడిసిపోయింది. చివరి మాట పూర్తి కాగానే ఆమెన్ గోడలకి తగిలింది.

అప్పటికి ఎదురింటి పైకప్పు మీద ఎండ పడింది. ప్రార్థన హడావుడిగా సాగింది, సూర్యోదయం మాత్రం దాటిపోయింది. ఇన్నేళ్లలో ఆ మందిరం ఎప్పుడూ తప్పలేదు.

గుమ్మం దగ్గర లీబుష్ ఎదురుపడ్డాడు. "ఆమెన్ అన్నాను జుండెల్, మనసారా అన్నాను. కానీ మనకి సూర్యోదయం పోయింది. అది నాకు కష్టంగానే ఉంది."

"నా-నాక్కూడా," అన్నాడు జుండెల్.

ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఫ్రాదెల్ పండుగకి పాలతో చేసిన రొట్టె ముందు పెట్టి జరిగింది విన్నది. విని, సూర్యుడు రేపూ వస్తాడులే, తిను అంది.

జుండెల్ నత్తి పోలేదు. మరుసటి ఏడు పట్టుదలగా మేలుకున్నాడు. హెనిఖ్ వచ్చి స్తుతి చెబితే అందరిలాగే ఆమెన్ అన్నాడు. లీబుష్ అతని మాటలు పూర్తి చేయడం మానలేదు. ఒకటే మారింది. చాటు కోసం దుకాణానికీ తొట్టె వెనక్కీ పోవడం మానేసి, పొద్దున్నే వంటింట్లో పిల్లల మధ్య నిలబడి స్తుతి చెప్పడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకి అతని కూతురు బడిలో ఆ స్తుతి ఒప్పజెబుతూ నామం ముందు నోరు తెరిచి ఆగిపోయింది. మరిచిపోయావా అని పంతులమ్మ అడిగితే, లేదండీ, ఇక్కడ ఆగాలి కదా, మా నాన్న ఎప్పుడూ ఆగుతాడు అంది.