సాళ్లకు పంచిన పాట

మరణాన్ని గెలిచిన ప్రభువుకు స్తోత్రం.

తొంభైల చివర, పెళ్లయిన కొత్తలో, ప్రత్తిపాడు దగ్గర మిరప కోతలకు వెళ్లేదాన్ని. మా సంఘంలో పాటలు కట్టే యోహాను తాతగారికి చూపు పోయింది. ఏటా వసంతంలో ఈస్టరు పాట కట్టి, కర్ర పొడుచుకుంటూ చేలోకి వచ్చేవారు. సాలు పట్టిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం నేర్పేవారు. పండుగ ఉదయం మేం సాళ్ల వరుసలోనే నిలబడి పాడితే, పాట మొత్తం అప్పుడే అందరికీ తెలిసేది.

"పాట కూడా కూలిలాగా పంచుతున్నావా బాబాయ్?" అంది మా అత్త మరియమ్మ.

"కోసిన కాయలు ఆసామివి. ఈ ముక్క మాత్రం నీదేనమ్మాయ్, పారేసుకోకు" అని నవ్వారాయన.

ఆ ఏడు చివరి సాలు నాది, తాతగారు నేర్పిన చివరి పాదమూ నాదే. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం దాటాక తాతగారు ప్రభువులో నిద్రించారు. ఈస్టరు ఆరాధన మాకు సమాధుల తోటలోనే. తెల్లవారుతుండగా ఆయన కొత్త సమాధి పక్కన అందరం ఏడుస్తున్నాం.

"ఈసారి పాట లేదమ్మా" అన్నారు పాస్టరుగారు.

"ఎందుకు లేదండీ?" అంటూ మా అత్త తన పాదం ఎత్తుకుంది. పక్క సాలామె తర్వాతి పాదం అందుకుంది. అలా పాట నా దాకా వచ్చింది. నేను పాడకపోతే తాతగారి చివరి పాట అక్కడే తెగిపోతుంది. నోరు తెరిచాను.

"ఏడుపు చాలించండి, తెల్లవారింది, లేవండి!"

చేలో మామూలుగా అనిపించిన ఆ మాటకు అక్కడ ఒళ్లు జలదరించింది. నేలమీద కూలబడి ఉన్న తాతగారి భార్య మెల్లగా లేచి నిలబడింది. మాకు ఏ రోజు ఏ మాట కావాలో ప్రభువుకు ముందే తెలుసు.

మీ ఇంట దుఃఖముంటే నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మమ్మల్నీ లేవనెత్తు. ఆమేన్.